దిగడానికీ మార్కులుంటాయి

2018 జనవరి ఒకటో తారీఖు. జర్మనీలో నా మొదటి కొత్త సంవత్సరం. ముందు రాత్రి మ్యూనిక్ ఊరు ఊరంతా టపాసులు కాల్చి పడుకుంది. పొద్దున్న రోడ్ల మీద తడిసిన కాగితాలూ ఖాళీ సీసాలూ తప్ప మనుషులు లేరు. దుకాణాలన్నీ మూత. నాకు తెలిసిన తెలుగువాళ్ళు నలుగురూ కలిసి ప్రాగ్ వెళ్ళారు. నేను మాత్రం లాప్‌టాప్ ముందు కూర్చుని, ఆఫీసులో ఎవరూ అడగని ఒక పని చేసుకుంటున్నాను. అందరూ నిద్రపోతున్న రోజు పనిచేస్తే రెండో తారీఖుకి ఒకడుగు ముందుంటానని నా లెక్క. ఆ లెక్క నాకు ఇంటర్ హాస్టల్లో ఒంటబట్టింది.

తలుపు చప్పుడైంది. కింద ఫ్లాట్లో ఉండే పెద్దాయన. "ఒక్కరే ఏం చేస్తున్నారు? మా ఇంటికి రండి. మా ఆవిడ కేకు చేసింది. రెండింటికి స్ప్రింగెన్ కూడా ఉంది" అన్నాడు. స్ప్రింగెన్ అంటే దూకడం. అంతవరకూ నా జర్మన్‌కి అందింది. ఎవరు, ఎక్కణ్ణించి, ఎందుకు దూకుతారో తెలీదు. కేకు కోసం వెళ్ళాను.

అక్కడ చాలా ఇళ్ళల్లో ఒకటో తారీఖుకి ఒక పద్ధతుందట. ఆలస్యంగా లేవడం, టీవీలో వియన్నా నుంచి వచ్చే ఆర్కెస్ట్రా కచేరీ చూడటం, భోంచేయడం, తర్వాత గార్మిష్-పార్టెన్‌కిర్షెన్‌లో జరిగే స్కీ జంపింగ్ చూడటం. స్కీలు ఎన్నడూ తొడగని వాళ్ళు కూడా ఆ పూట టీవీ ముందు కూర్చుంటారు. సంక్రాంతి మధ్యాహ్నం మనింట్లో టీవీలో సినిమా నడుస్తూ ఉంటుంది చూడండి, అట్లా అన్నమాట.

మొదటి మనిషి దూకినప్పుడు నేను సోఫాలోంచి సగం లేచాను.

కొండ మీద, గాల్లో వేలాడుతున్నట్టున్న ఒక కడ్డీ మీద కుర్రాడు కూర్చున్నాడు. పచ్చ లైటు వెలిగింది. కింద వాళ్ళ కోచ్ జెండా ఊపాడు. కుర్రాడు కడ్డీ వదిలేసి వంగి కూర్చుని జారాడు. గంటకి తొంభై కిలోమీటర్ల వేగం. ర్యాంపు చివర, కన్నుమూసి తెరిచేలోపు, కాళ్ళతో ఒక్క తాపు తన్ని నిటారుగా లేచి గాలి మీద బోర్లా పడుకున్నాడు. స్కీలు రెండూ 'వి' ఆకారంలో విచ్చుకున్నాయి. ముక్కు దాదాపు స్కీల మధ్యకొచ్చింది. అట్లా ఐదారు సెకన్లు. చూసేవాళ్ళకి ఆకాశంలో ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, నిజానికి కొండవాలుకి కొన్ని మీటర్ల ఎత్తులోనే ఉంటాడట. నేల అతని కింద అదే వాలుతో జారిపోతూ ఉంటుంది. అందుకే బతికి బయటపడతాడు.

"ఎంత దూరం దూకాడన్నది సగమే" అన్నాడు పెద్దాయన. "ఎట్లా దిగాడన్నది చూడండి."

దిగేటప్పుడు ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ పెట్టి, మోకాళ్ళు వంచి, చేతులు రెండు పక్కలా చాచాలి. దీన్ని టెలిమార్క్ అంటారు. నార్వేలో ఒక ప్రాంతం పేరది. ఐదుగురు జడ్జీలు ఒక్కొక్కరు ఇరవైకి మార్కులేస్తారు. ఎక్కువ వేసినవాడిదీ తక్కువ వేసినవాడిదీ తీసేసి, మిగిలిన మూడూ కలుపుతారు. రెండు కాళ్ళూ ఒకేసారి దించినా, చెయ్యి మంచుకి తగిలినా మార్కులు పోతాయి. అందరికంటే దూరం దూకినవాడు కూడా సరిగ్గా దిగలేక ఓడిపోవచ్చు. నాకు నవ్వొచ్చింది. గాల్లో పక్షిలా ఎగిరినవాడికి, వచ్చి వాలిన తీరు బాలేదని మార్కులు కోస్తారా?

ఆ రోజు పోలండ్ వాడు కమిల్ స్టోక్ గెలిచాడు. జర్మనీ కుర్రాడు రిచర్డ్ ఫ్రైటాగ్ రెండో స్థానం. పెద్దాయన నిట్టూర్చి, వేళ్ళు మడుస్తూ లెక్క చెప్పాడు. ఇది నాలుగు కొండల పోటీ. జర్మనీలో ఓబెర్స్ట్‌డోర్ఫ్, గార్మిష్. ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్, బిషొఫ్స్‌హోఫెన్. డిసెంబరు చివర మొదలై జనవరి ఆరుకి అయిపోతుంది. 1953 నుంచీ నడుస్తోంది. నాలుగింటి పాయింట్లూ కలిపి విజేతని తేలుస్తారు. అయితే నాలుగుకి నాలుగూ ఒక్కడే గెలవడం ఇన్నేళ్ళలో ఒక్కసారే జరిగింది. 2002లో. మా స్వెన్ హన్నవాల్ట్.

'మా' అన్నప్పుడు ఆయన గొంతు మారింది. వాళ్ళావిడ కాఫీ పోస్తూ, "పాపం పిల్లాడు" అంది.

నాలుగూ గెలిచినవాణ్ణి పాపం అనడమేమిటో నాకర్థం కాలేదు. ఆవిడ కూడా చెప్పలేదు.

*

ఆరో తారీఖు బవేరియాలో సెలవు. మళ్ళీ కిందికెళ్ళాను, ఈసారి పిలవకుండానే. రెండ్రోజుల ముందు ఇన్స్‌బ్రుక్‌లో ఫ్రైటాగ్ పడిపోయి పోటీలోంచి తప్పుకున్నాడు. స్టోక్ అక్కడా గెలిచి, ఇప్పుడు బిషొఫ్స్‌హోఫెన్‌లో నాలుగోదీ గెలిచాడు. పదహారేళ్ళ తర్వాత రెండో మనిషి. అక్కడే టీవీ పని మీద ఉన్న హన్నవాల్ట్ వచ్చి స్టోక్‌ని అభినందించాడు. నలభై మూడేళ్ళ మనిషి. మొహం నిండా నవ్వు. ఇన్నాళ్ళూ తనొక్కడికే ఉన్నది ఇంకొకడికి పంచి ఇవ్వాల్సి వచ్చినందుకు బాధపడుతున్నవాడిలా లేడు. ఆ గదిలో ఒక్కడే కూర్చుని కూర్చుని, తలుపు తీసుకుని ఇంకో మనిషి లోపలికి వచ్చినందుకు సంతోషించినట్టున్నాడు. మరుసటేడు జపాన్ వాడు ర్యోయు కొబయాషి మూడోవాడయ్యాడు.

ఆ రాత్రి కూర్చుని హన్నవాల్ట్ గురించి చదివాను.

1974 నవంబరు 9న తూర్పు జర్మనీలో, చెక్ సరిహద్దు దగ్గర కొండల్లో పుట్టాడు. పెరిగిన ఊరు యోహాన్‌గెయోర్గెన్‌స్టాట్. యురేనియం గనుల ఊరు. ఆ దేశంలో ఆటల్లో పనికొస్తారనుకున్న పిల్లల్ని చిన్నప్పుడే ఏరి, క్రీడా పాఠశాలల్లో పెట్టేవాళ్ళు. అతన్నీ ఇల్లు వదిలిపించి క్లింగెన్‌టాల్ బడికి పంపారు. సరిగ్గా అతని పదిహేనో పుట్టినరోజున బెర్లిన్ గోడ కూలింది. ఆ బడి ఏ దేశం కోసం చాంపియన్లని తయారుచేస్తోందో ఆ దేశమే లేకుండా పోయింది. కుటుంబం పడమరకి వచ్చేసింది. అతను బ్లాక్ ఫారెస్ట్‌లో ఫుర్ట్‌వాంగెన్ అనే ఊళ్ళో స్కీ హాస్టల్లో చేరాడు. దేశం మారింది, హాస్టల్ మారలేదు అనుకున్నాను చదువుతూ.

నేను చాంపియన్‌ని కాను. అతనికీ నాకూ పోలిక పెట్టుకోవడం కొంచెం సిగ్గుగానే ఉంది. కానీ పన్నెండేళ్ళకో పదిహేనేళ్ళకో ఇంట్లోంచి తీసుకెళ్ళి, పొద్దున్న నాలుగున్నరకి లేపి, ఒక్క పని తప్ప మిగతావన్నీ మర్చిపోవడం నేర్పే చోటు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. మా నాన్న ఆర్టీసీ బస్సు డ్రైవరు. ఖమ్మం. నేను ఇంటర్ విజయవాడ వైపు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. ఫీజు కోసం నాన్న రెండేళ్ళపాటు అడిగి మరీ డబుల్ డ్యూటీలు చేశాడు. ఆదివారం ఔటింగ్‌కి అమ్మ ఒక్కతే వచ్చేది, పులిహోర డబ్బాతో. "నాన్న ఏడీ?" అంటే "డ్యూటీ ఎక్కాడు" అనేది. ప్రతివారం అదే జవాబు. ఆ రెండేళ్ళలో నేను పుస్తకం మూసిన ప్రతిసారీ ఎక్కడో రోడ్డు మీద నాన్న బస్సు నడుపుతూ కనిపించేవాడు. మళ్ళీ తెరిచేవాణ్ణి.

ర్యాంకొచ్చింది. కాలేజీ ఫ్లెక్సీలో నా ఫొటో కూడా వేశారు. మూడో వరసలో, స్టాంపు బిళ్ళంత. నాన్న ఆ ఫ్లెక్సీని తన బస్సు అద్దంలోంచి చూశానని ఇప్పటికీ చెప్తాడు.

*

హన్నవాల్ట్ కథలో ఆ కొద్ది రోజుల గురించే అందరూ చెప్తారు. నాకు మాత్రం అంతకు నాలుగేళ్ళ ముందు జరిగినది గుర్తుండిపోయింది.

1998 జనవరి. జపాన్ వాడు కజుయోషి ఫునాకి మొదటి మూడు కొండలూ గెలిచేశాడు. అప్పటికి ఎవరూ నాలుగూ గెలవలేదు. మూడు గెలిచి నాలుగోది అందనివాళ్ళు మాత్రం ఉన్నారు. 1972లో యుకియో కసాయా మూడూ గెలిచి, సప్పోరో ఒలింపిక్స్ ముందున్నాయని నాలుగోది దూకకుండానే జపాన్ వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఫునాకి వంతు. అందరూ బిషొఫ్స్‌హోఫెన్ చేరారు. అక్కడ ఫునాకి తడబడ్డాడు. ఆ రోజు గెలిచింది ఇరవై మూడేళ్ళ స్వెన్ హన్నవాల్ట్. ప్రపంచ కప్‌లో అతని మొదటి గెలుపు అదే. నాలుగో కొండ మీద ఒక మనిషి ఎట్లా చిక్కుకుపోతాడో అతను పక్కనుంచే చూశాడు. తర్వాత అదే కొండకి, అదే లెక్కతో, తనే వచ్చాడు.

ఈ మధ్యలో అతను పైకి పోతూనే ఉన్నాడు. 1998 నగానో ఒలింపిక్స్‌లో జట్టుతో రజతం. 1999లోనూ 2001లోనూ ప్రపంచ పోటీల్లో జట్టుతో స్వర్ణం. 2000లో వికెర్సుండ్‌లో స్కీ ఫ్లయింగ్ ప్రపంచ చాంపియన్. అంటే ఇంకా పెద్ద కొండల మీద, ఇంకా ఎక్కువ సేపు గాల్లో ఉండే పోటీ. మార్టిన్ ష్మిట్, అతనూ కలిసి ఆ రోజుల్లో జర్మనీలో సినిమా హీరోల్లా వెలిగారు.

2001 డిసెంబరు చివర్లో ఓబెర్స్ట్‌డోర్ఫ్‌లో యాభయ్యో నాలుగు కొండల పోటీ మొదలైంది. అతను గెలిచాడు. జనవరి ఒకటిన గార్మిష్. గెలిచాడు. నాలుగున ఇన్స్‌బ్రుక్. ఆ ర్యాంపు పైన కూర్చుంటే ఎదురుగా ఊరి శ్మశానం కనిపిస్తుంది. అక్కడా గెలిచాడు. మిగిలింది బిషొఫ్స్‌హోఫెన్. ఆ కొండకి పౌల్ ఆస్సర్‌లైట్నర్ పేరు పెట్టారు. 1952లో అక్కడ దూకుతూ పడి చనిపోయిన ఆటగాడతను. జనవరి ఆరున ఆ కొండ మీద హన్నవాల్ట్ మొదటిసారి 139 మీటర్లు దూకాడు. కొండ రికార్డు. రెండోసారి అంత దూరం అక్కర్లేకపోయింది. దిగాడు, ఆగాడు. నాలుగూ అతనివే.

ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో. నేను చూసేది దూకడం కాదు. అంతా అయ్యాక అతని మొహం. బుగ్గలు లోపలికి పోయి, కళ్ళు మాత్రం పెద్దవిగా కనిపిస్తాయి. నూట ఎనభై సెంటీమీటర్లు దాటిన మనిషి, తోలు తొడిగిన ఎముకల గూడులా ఉంటాడు. ఈ ఆటలో తేలికగా ఉన్నవాడు దూరం ఎగురుతాడు. ఒక్క కిలో తగ్గినా కొలతలో తేడా కనిపిస్తుంది. కాబట్టి అందరూ కిలోలు లెక్కపెట్టుకునేవాళ్ళు. అతని సన్నదనం గురించి అప్పట్లోనే పత్రికల్లో చర్చ నడిచింది. తనకి తిండికి సంబంధించిన జబ్బేమీ లేదని అతను చెప్తూ వచ్చాడు. తర్వాత 2004-05 సీజన్ నుంచి నియమం మార్చారు. మనిషి ఎత్తుకి తగ్గ బరువు లేకపోతే స్కీల పొడవు తగ్గిస్తారు. పొట్టి స్కీలతో తక్కువ ఎగురుతారు. ఆకలితో ఉండటం వల్ల లాభం లేకుండా చేయాలని ఆ పని చేశారు. ఆ నియమం వచ్చేసరికి హన్నవాల్ట్ ఆటలో లేడు.

*

కథ ఇక్కడ ఆపేస్తే ఫ్లెక్సీకి సరిపోతుంది. ఆపకూడదు.

ఒక నెల తర్వాత సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్. చిన్న కొండ మీద రజతం. పెద్ద కొండ మీద మొదటి దూకు తర్వాత పతకం వరసలోనే ఉన్నాడు. రెండోసారి కూడా బాగానే ఎగిరాడు. దిగేటప్పుడు నిలదొక్కుకోలేకపోయాడు. నాలుగో స్థానం. జట్టు పోటీలో మాత్రం స్వర్ణం, ఫిన్లాండ్ మీద 0.1 పాయింటు తేడాతో. 974.1, 974.0. నలుగురు మనుషులు, ఒక్కొక్కరు రెండేసి దూకులు, చివరికి తేడా పాయింటులో పదో వంతు. ఆ చిన్న అంకెలు చూసి నాకు ఎంసెట్ ర్యాంకు లిస్టు గుర్తొచ్చింది. ఆ ఏడాదే హరాఖోవ్‌లో మళ్ళీ స్కీ ఫ్లయింగ్ చాంపియన్. జర్మనీ ఆ ఏటి మేటి క్రీడాకారుడిగా ఎన్నుకుంది. మరుసటి సీజన్లో ప్రపంచ కప్ మొత్తం మీద రెండో స్థానం.

ఆ తర్వాత ఫలితాలు తగ్గాయి. అలసట మొదలైంది. సెలవు పెడితే పోయే అలసట కాదది. డాక్టర్ల చుట్టూ తిరిగాడు. ఒంట్లో ఏమీ లేదన్నారు. పడుకుంటే విశ్రాంతి లేదు, లేస్తే సత్తువ లేదు. 2004 ఏప్రిల్లో, బర్నవుట్‌కి చికిత్స తీసుకోవడానికి క్లినిక్‌లో చేరుతున్నట్టు బయటికి చెప్పాడు. 2005 ఆగస్టులో ఆట మానేశాడు. అప్పటికి ముప్ఫై ఏళ్ళు.

ఆ రోజుల్లో ఇట్లా పేరు పెట్టి చెప్పడం మామూలు సంగతి కాదు. అంతకు కొన్ని నెలల ముందే, 2003 నవంబరులో, బయర్న్ మ్యూనిక్ ఫుట్‌బాల్ ఆటగాడు సెబాస్టియాన్ డైస్లర్ డిప్రెషన్‌కి చికిత్స తీసుకుంటున్నాడని తెలిసి దేశం నివ్వెరపోయింది. ఆటగాడికి మోకాలు విరగొచ్చు. మనసు అలిసిపోవడమేమిటి, అదీ అన్నీ గెలిచాక?

బర్నవుట్ అనే మాటని ఈ అర్థంలో వాడుకలోకి తెచ్చిన వాళ్ళలో ముఖ్యుడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బెర్గర్. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టి, నాజీల కాలంలో అమెరికా పారిపోయిన యూదు కుటుంబంవాడు. ఆయన వ్యాసం వచ్చింది 1974లో. హన్నవాల్ట్ పుట్టిన ఏడే. ఈ సంగతి తెలిసినప్పుడు ఏదో పెద్ద రహస్యం కనిపెట్టినట్టు పెద్దాయనకి చెప్పాను. ఆయన తలూపాడు. వాళ్ళావిడే, "మేం అప్పుడు ఆ పిల్లాణ్ణి చాలా చూశాం. రోజూ టీవీలో. ఎవరం కూడా ఇంటికెళ్ళి పడుకో నాయనా అనలేదు" అంది. మొదటి రోజు ఆవిడ పాపం అన్నది దేనికో అప్పుడు తెలిసింది.

*

నా వంతు 2023 నవంబరులో వచ్చింది.

పెద్దగా ఏమీ జరగలేదు. ఒక సోమవారం పొద్దున్న ట్రెయినెక్కాను. దిగాల్సిన స్టేషన్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. నేను లేవలేదు. లేవాలని తెలుసు, కాళ్ళు ఉన్నాయని తెలుసు. తలుపులు మూసుకున్నాయి. చివరి స్టేషన్‌దాకా పోయి, అదే ట్రెయిన్లో వెనక్కొచ్చి, ఇంటికొచ్చి పడుకున్నాను. అంతకు ముందు రెండేళ్ళలో నేను పూర్తి సెలవు తీసుకున్న వారం ఒక్కటి కూడా లేదు. ఎవరూ అడగలేదు, నిజం చెప్పాలంటే. నేనే. ఆ జనవరి ఒకటో తారీఖు లెక్కే, ప్రతిరోజూ.

డాక్టరు ఇరవై నిమిషాలు మాట్లాడింది. రెండు వారాలు పనికి పోవద్దని రాసింది. తర్వాత ఇంకో రెండు. ఇంకో రెండు. ఆ దేశంలో ఆరు వారాల దాకా జీతం పూర్తిగా ఇవ్వాలని చట్టం. జబ్బేమిటో కంపెనీకి చెప్పనక్కర్లేదు. అంతా సవ్యంగా ఉంది. ఇంటికి ఫోన్ చేయడం తప్ప.

రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాను. "ఆఫీసుకి పోయావా?" "ఇంటినుంచే నాన్నా." అబద్ధం కాదు కదా. ఇంట్లోనే ఉన్నాను. ఏం చెప్పాలి అసలు? ఆ మాటకి తెలుగేమిటా అని వెతికాను. మా ఇంట్లో ఉన్న మాటలు నాకు తెలుసు. బద్ధకం. కొవ్వు. సుఖం ఎక్కువవడం. హీటరున్న గదిలో కుర్చీలో కూర్చుని కంప్యూటర్ మీద వేళ్ళాడించేవాడు, ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపినవాడికి ఫోన్ చేసి, నాన్నా నేను అలిసిపోయాను అని ఏ మొహంతో అంటాడు?

ఐదో వారంలో మెట్ల దగ్గర కిందింటావిడ కనిపించింది. పగటిపూట నేను ఇంట్లో ఎందుకున్నానో ఆవిడ అడగలేదు. "ఇంట్లో వాళ్ళకి చెప్పారా?" అని మాత్రం అడిగింది. ఆ సాయంత్రం నాన్నకి ఫోన్ చేశాను.

ధైర్యం చాలక కథతో మొదలుపెట్టాను. "నాన్నా, జర్మనీలో ఒకడున్నాడు. స్కీలేసుకుని కొండ మీంచి దూకుతాడు."

"ఎంత దూరం దూకుతాడు?"

"139 మీటర్లు."

కాసేపు లెక్కేసుకున్నాడు. "మన బస్సు పదకొండు పన్నెండు మీటర్లు ఉంటది. అంటే పన్నెండు బస్సులు వరసగా పెడితే, వాటి మీంచి పోతాడన్నమాట. అబ్బో."

నాలుగు కొండలూ చెప్పాను. శ్మశానం చెప్పాను. 0.1 పాయింటు చెప్పాను. ఊఁ కొడుతూ విన్నాడు, సినిమా కథ విన్నట్టు. "తర్వాత?"

"తర్వాత అలిసిపోయాడు నాన్నా. లేవలేకపోయాడు. డాక్టర్లకి ఏమీ దొరకలేదు. ఆస్పత్రిలో చేరాడు."

అటువైపు ఊఁ ఆగిపోయింది. టీవీ చప్పుడు కూడా ఆగిపోయింది. రిమోట్ నొక్కాడేమో.

"నువ్వు ఎన్ని రోజుల్నించి పోవట్లేదురా ఆఫీసుకి?"

నేను ఏడ్చాను. వయసులో ఉన్న మగపిల్లాడు ఫోన్లో ఏడుస్తుంటే ఏమనాలో తెలీక ఆయన కొంచెంసేపు ఊరుకున్నాడు. తర్వాత, నాకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాడు.

నేను ఇంటర్ రెండో ఏడు. నాన్న డబుల్ డ్యూటీ. హైదరాబాద్ నుంచి ఖమ్మం రాత్రి సర్వీసు. సూర్యాపేట దాటాక కళ్ళముందు రోడ్డు ఒక్కసారి మాయమైంది. ఎంతసేపో తెలీదు. తెలివి వచ్చేసరికి బస్సు చక్రం మట్టిలోకి దిగుతోంది. పక్కకి తీసి, ఒక టీ కొట్టు దగ్గర ఆపాడు. టైరు చూడాలని జనానికి చెప్పాడు. స్టీరింగ్ మీద తల పెట్టి ఇరవై నిమిషాలు పడుకున్నాడు. లేచి, మొహం కడుక్కుని, టీ తాగి, బస్సు ఖమ్మం చేర్చాడు.

"ఎవరికీ చెప్పలేదురా. మీ అమ్మక్కూడా. సిగ్గేసింది. ఇన్నేళ్ళ సర్వీసులో నిద్రకి ఆగినోణ్ణని. కానీ ఆపబట్టే కదా, నలభై మంది ఇళ్ళకి పోయింది."

నేనేమీ మాట్లాడలేదు. నేను పుస్తకం మూసినప్పుడల్లా రోడ్డు మీద కనిపించిన ఆ బస్సు, ఒక రాత్రి అట్లా పక్కకి ఆగి ఉండటం నేనెప్పుడూ ఊహించలేదు.

"డ్యూటీ దిగినోడు పడుకోవాలి. అది చార్టులోనే రాసుంటది. రాసున్నప్పుడు పడుకోలేదు, నాది తప్పు" అన్నాడు. మళ్ళీ వెంటనే మామూలు గొంతుతో, "జీతం ఇస్తున్నారా?" అని అడిగాడు.

"ఇస్తున్నారు."

"మరింకేంది. పడుకో."

*

ఆ ఆరు వారాలతో అంతా బాగైపోలేదు. తర్వాత కూడా చాలా నెలలు పట్టింది. ఇప్పుడు వారానికి నాలుగు రోజులే పనిచేస్తున్నాను. ఐదో రోజు పొద్దున్న ఇప్పటికీ లాప్‌టాప్ వైపు చెయ్యి పోతుంది. కొన్నిసార్లు ఆపుతాను, కొన్నిసార్లు ఆపలేను.

హన్నవాల్ట్ మళ్ళీ పోటీల్లో స్కీలు తొడగలేదు. కొన్నేళ్ళు కార్ల రేసుల్లో నడిపాడు. 2013లో తన కథ పుస్తకంగా రాశాడు. పని ఒత్తిడి గురించి కంపెనీల్లో మాట్లాడతాడు. చలికాలం వస్తే టీవీలో కూర్చుని, ఎవరు ఎట్లా దూకారో చెప్తాడు. 2002 తర్వాత జర్మన్లెవరూ నాలుగు కొండల పోటీ గెలవలేదు. ప్రతి జనవరిలోనూ అతని పేరు తలుచుకోక తప్పదు వాళ్ళకి. ఎప్పుడైనా కొత్త కుర్రాడొకడు వరసగా రెండు గెలిస్తే, వ్యాఖ్యాత గొంతులో ఆత్రం మొదలవుతుంది. నాకు ఆ కుర్రాడి మీద బెంగ మొదలవుతుంది.

ఆ పోటీ నియమాల్లో ఇంకోటి ఉంది. దిగాక, కింద మంచు మీద ఒక గీత ఉంటుంది. ఆ గీత దాటేదాకా నిలబడి ఉండాలి. దాటాక పడిపోయినా మార్కులు పోవు. అందుకే చాలామంది గీత దాటాక ఒక్కసారి ఒళ్ళు వదిలేస్తారు. కొందరు మంచు మీద వెల్లకిలా పడుకుంటారు కూడా. మొదట్లో అది గెలిచిన సంబరం అనుకునేవాణ్ణి. ఓడినవాళ్ళూ అట్లాగే పడుకుంటారని తర్వాత గమనించాను.

నాన్నకి ఆ 139 మీటర్ల వీడియో పంపాను. మర్నాడు వాట్సాప్‌లో ఫోన్ చేశాడు. మూడుసార్లు చూశాడట. బస్టాండు దగ్గర పాత దోస్తులకి కూడా చూపించాడట, పన్నెండు బస్సుల లెక్కతో సహా.

"బాగా దూకాడు గానీ, మరీ సన్నగా ఉన్నాడురా. ఇప్పుడెట్లా ఉన్నాడు? అన్నం తింటున్నాడా?"

"తింటున్నాడు నాన్నా" అన్నాను.